కాకినాడ హాస్టలా, ఇంటి దగ్గర కాలేజీ బస్సా? అయినవిల్లి వైపు వాళ్లెవరైనా చెప్పండి

లంక_అమ్మాయి
మాది అయినవిల్లి మండలంలో లంక ఊరు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో నాకు కాకినాడ జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీలో సివిల్ వచ్చింది. అమలాపురం వైపు ఒక ప్రైవేటు కాలేజీలో చేరితే కంప్యూటర్స్ ఇస్తారని, వాళ్ల బస్సు ముక్తేశ్వరం దాకా వస్తుందని మావయ్య అంటున్నాడు.

నాన్నకి ఎకరం కొబ్బరి తోట ఉంది, ఇంకో రెండెకరాలు కౌలుకి వరి చేస్తారు. తమ్ముడు పదో తరగతి. ట్యూషన్ ఫీజుకి రీయింబర్స్‌మెంట్ వస్తుంది, దాని గురించి బెంగ లేదు. హాస్టల్‌కి ఎంతవుతుందో మాత్రం ఎవరిని అడిగినా ఒక్కో లెక్క చెబుతున్నారు. ఒకాయన ఏడాదికి 40 వేలన్నారు, ఇంకొకాయన లక్ష పైనే అన్నారు. నాన్న "రోజూ పంటు దాటి వెళ్లి రావచ్చు కదమ్మా" అంటున్నారు. పంటంటే గోదారి దాటించే పడవ. అమ్మ ఏమీ అనట్లేదు, రాత్రి పూట ఏడుస్తోంది.

రిపోర్టింగ్‌కి ఇంకా నాలుగు రోజులే ఉంది. నిజంగా అక్కడ ఉండి చదివినవాళ్లు చెప్పండి.

కోటిపల్లి_రేవు
మీ నాన్నగారు చెప్పిన పని నేను ఒక ఏడాది చేశాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

పొద్దున్నే అయిదింటికి లేవాలి. ముక్తేశ్వరం రేవుకి బండి మీద వెళ్లి, పంటు ఎక్కి కోటిపల్లిలో దిగి, అక్కడ బస్సు పట్టుకుని ద్రాక్షారామం మీదుగా కాకినాడ. అన్నీ కలిసొస్తే రెండు గంటల పైన. సాయంత్రం మళ్లీ అదే. ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. అన్నం తిని పుస్తకం తెరిస్తే పది నిమిషాల్లో నిద్ర.

అదంతా వేసవిలో, చలికాలంలో. ఆగస్టులో గోదారికి వరద వచ్చిందంటే పంటు ఆపేస్తారు. అప్పుడు ముమ్మిడివరం, ఎదుర్లంక మీదుగా యానాం వంతెన చుట్టి వెళ్లాలి. మన వైపు ఎదురుబిడెం కాజ్‌వే మునిగితే ఊరు దాటడమే కష్టం. ఆ సెమిస్టర్‌లో నా హాజరు 68 శాతానికి పడిపోయింది. 75 ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి బయటపడొచ్చు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ పోయినట్టే. నేను మూడు శాతంతో బయటపడ్డాను చెల్లెమ్మా. రెండో ఏడు హాస్టల్లో చేరిపోయాను.

కొబ్బరి_నాన్న
ఆడపిల్లని ఒక్కసారిగా అంత దూరం పంపమంటే తండ్రికి ఎలా ఉంటుందో మీ కుర్రాళ్లకి తెలియదు. నాకూ ఒక కూతురుంది, ఇంటర్ రెండో సంవత్సరం. ఇప్పుడు ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదండీ. 2025 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. రోజూ తిరిగితే ఖర్చు పంటు టికెట్టే. హాస్టల్‌కి పెట్టే డబ్బు తమ్ముడి చదువుకి మిగులుతుంది. ఈ కోణం ఎవరూ చెప్పట్లేదు.

అమలాపురం_అమ్మ
కొబ్బరి_నాన్న గారూ, మీ బాధ నాకు తెలుసు. మా అమ్మాయిని కాకినాడలో దింపి వచ్చిన రోజు బస్సులో యానాం దాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. కానీ ఉచిత బస్సు డబ్బు మిగులుస్తుందే గానీ టైం మిగల్చదండీ. రోజుకి నాలుగైదు గంటలు దారిలో పోతే ఆ పిల్ల ఎప్పుడు చదవాలి?

అమ్మాయ్, నీకు లెక్క కావాలన్నావు కదా. నేను మొదటి ఏడాది రూపాయితో సహా నోటు పుస్తకంలో రాసుకున్నాను. మా అమ్మాయిది వేరే ప్రభుత్వ కాలేజీ, కాలేజీ హాస్టలే. మీకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

చేరేటప్పుడు గది ఫీజు, డిపాజిట్, అడ్మిషన్ తాలూకు చిల్లర అన్నీ కలిపి 12 వేలు. పరుపు, బకెట్, దోమతెర, తాళం, ప్లేటు, గ్లాసు, టేబుల్ ఫ్యాను, రెండు జతల బట్టలు 4 వేలు. మెస్ బిల్లు నెలకి 3,200 నుంచి 3,800 వరకు వచ్చేది, పది నెలలకి 35 వేలు అనుకో. పరీక్ష ఫీజులు, రికార్డులు, ల్యాబ్ కోటు, జిరాక్సులు 5 వేలు. చేతి ఖర్చు నెలకి వెయ్యి చొప్పున ఇచ్చాను, 10 వేలు. మొత్తం 66 వేలు. నవంబర్‌లో డెంగీ వచ్చింది, రక్త పరీక్షలకి, ఆసుపత్రికి 9 వేలు. అంటే 75.

రెండో ఏడు డిపాజిట్ లేదు, సామాన్లు కొనక్కర్లేదు, జ్వరం రాలేదు. 53 వేలతో అయిపోయింది. నీకు 40 అన్నాయన మెస్ ఒక్కటే చెప్పి ఉంటాడు, లక్ష అన్నాయన ప్రైవేటు హాస్టల్ లెక్క చెప్పి ఉంటాడు.

లంక_అమ్మాయి
ఆంటీ, ఈ లెక్క అమ్మకి చదివి వినిపించాను. "దోమతెర మన ఇంట్లోదే ఉంది" అంది. మూడు రోజుల తర్వాత మాట్లాడిన మొదటి మాట అదే.

సివిల్_సీనియర్
మెస్ బిల్లు గురించి ఒకటి చేరుస్తాను. మా హాస్టల్లో డివైడింగ్ పద్ధతి. నెలలో అయిన సరుకుల ఖర్చంతా తిన్నవాళ్ల రోజులతో భాగిస్తారు. ఇంటికి వెళ్లేటప్పుడు ముందుగా మెస్ కట్ రాసి వెళ్తే ఆ రోజులు లెక్కలోంచి తీసేస్తారు. చెప్పకుండా వెళ్తే తినకపోయినా కట్టాలి. సంక్రాంతికి అందరూ వెళ్లిపోతారు, ఆ హడావిడిలో రాయడం మర్చిపోయి మా గదిలో ముగ్గురం వారం రోజుల డబ్బు పోగొట్టుకున్నాం. కట్‌కి కనీసం ఎన్ని రోజులు ఉండాలో చేరిన రోజే అడుగు.

ఇంకొకటి, లాప్‌టాప్ మొదటి ఏడాది కొనొద్దు. సివిల్‌కి అసలు అక్కర్లేదు, ల్యాబ్‌లో సిస్టమ్స్ ఉంటాయి. డ్రాఫ్టర్, అంటే డ్రాయింగ్ గీసే పరికరం, కొత్తది కొనకు. గ్రాఫిక్స్ (డ్రాయింగ్ సబ్జెక్టు) అయిపోయిన సీనియర్లు అందరి దగ్గరా మంచాల కింద పడి ఉంటాయి.

భీమవరం_బండి
ప్రైవేటు హాస్టల్ గురించి నా అనుభవం రాస్తాను, ఎవరైనా జాగ్రత్తపడతారని. మొదటి సంవత్సరం ఒక ప్రైవేటు హాస్టల్‌లో చేరాను. ఏడాది మొత్తం ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు. నాన్న చేపల చెరువు పట్టుబడి డబ్బు వచ్చిందని 70 వేలు ఒకేసారి కట్టేశారు. రెండో నెల నుంచి కూర నీళ్లు, బోరు ఉప్పు నీళ్లు. స్నానం చేస్తే జుట్టు రాలిపోయేది. అక్టోబర్‌లో బయటికి వచ్చేశాను, ఒక్క రూపాయి వెనక్కి ఇవ్వలేదు. రసీదు కూడా తెల్ల కాగితం మీద రాసిచ్చారు, దాంతో ఎక్కడికి వెళ్లి అడుగుతాం?

ఎంత తగ్గిస్తామన్నా నెలనెలా కట్టండి. చూడటానికి వెళ్లేటప్పుడు మధ్యాహ్నం కాకుండా రాత్రి భోజనం వేళకి వెళ్లండి. తాగే నీళ్లు, వాడే నీళ్లు రెండూ నోట్లో పోసుకుని చూడండి. డెల్టాలో సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఇదే పెద్ద సమస్య, ఎవరూ బ్రోచర్‌లో వెయ్యరు.

రాజానగరం_రూం
నేను నన్నయ యూనివర్సిటీలో పీజీ. నలుగురం కలిసి రాజానగరంలో రూం తీసుకున్నాం. ఒక్కొక్కరికి అద్దె, కరెంటు, నీళ్ల టిన్నులు, గ్యాసు, కూరగాయలు అన్నీ కలిపి నెలకి 3,500 లోపే. బియ్యం నాలుగు ఇళ్ల నుంచి వంతులవారీగా వస్తాయి, సార్వా పంటవి. ఐడీ చూపిస్తే అయిదు కేజీల చిన్న సిలిండర్ ఇస్తారు, పెద్ద కనెక్షన్ అక్కర్లేదు. హాస్టల్ తిండి కంటే ఇదే నయం.

అమలాపురం_అమ్మ
రాజానగరం_రూం బాబూ, నువ్వు పీజీ, ఇరవై రెండేళ్లవాడివి. పదిహేడేళ్ల పిల్లకి మొదటి ఏడాది రూం చెప్పకు. వంట, గిన్నెలు, ఇంటి ఓనరు, కరెంటు బిల్లు ఇవన్నీ పెట్టుకుని ఎం1 (మొదటి లెక్కల పేపరు) పాసవ్వాలా?

రాజానగరం_రూం
అది నిజమే అండి. మొదటి ఏడాది నేనూ హాస్టల్లోనే ఉన్నాను. స్నేహితులు అక్కడే దొరికారు, ఈ రూం వాళ్లు ముగ్గురూ ఆ హాస్టల్ వాళ్లే.

దాళ్వా_మాస్టారు
నేను ముప్పై ఏళ్లు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. డబ్బు సంగతి మీరంతా చెప్పారు, కాగితాల సంగతి నేను చెబుతాను. ఏటా పిల్లలు కాగితాల దగ్గరే ఇబ్బంది పడతారు.

ముందు రీయింబర్స్‌మెంట్. కన్వీనర్ కోటా, అంటే కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటుకే వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకి రాదు. అమ్మా, మీ మావయ్య చెప్పిన కంప్యూటర్స్ సీటు ఏ కోటానో ముందు గట్టిగా అడుగు. "ఇస్తారు" అన్నాడంటే నాకు మేనేజ్‌మెంట్ లాగానే వినిపిస్తోంది. అదే అయితే నాలుగేళ్ల ఫీజు మీ నాన్న చేతి మీదుగా కట్టాలి, దానికి హాస్టల్ ఖర్చుతో పోలికే లేదు.

ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం గ్రామ సచివాలయంలో ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఒకచోట పెట్టుకోండి. అన్నింటికీ నాలుగేసి జిరాక్సులు తీయించండి. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు అయిందో లేదో ఈ రోజే చూడండి, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత తిరగాల్సి వస్తుంది. హాజరు 75 శాతం ఉండటం దీనికీ కావాలి, పరీక్షకీ కావాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెనక్కి ఇచ్చేయాలని, కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. ఎవరైనా అడిగితే మర్యాదగా ఆ మాట చెప్పి రాతపూర్వకంగా రసీదు అడగండి.

హాస్టల్ మెస్ కోసం స్కీం డబ్బు మీద మాత్రం ఆధారపడొద్దు. 2020లో వసతి దీవెన అని డిగ్రీ ఆ పైన వాళ్లకి ఏడాదికి 20,000 పెట్టారు, పాలిటెక్నిక్‌కి 15,000, ఐటీఐకి 10,000. ప్రభుత్వాలు మారితే పథకాలూ మారతాయి. మెస్ బిల్లు మాత్రం ప్రతి నెలా వస్తుంది. మూడు నెలల మెస్ డబ్బు చేతిలో ఉంచుకుని పిల్లని దింపండి, తర్వాత వచ్చింది వచ్చినట్టు.

గూడెం_నిట్
మాస్టారు గారి మాటకి జోడింపు. తాడేపల్లిగూడెం నిట్‌లో మాకు కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, లక్ష నుంచి అయిదు లక్షల లోపు ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ వాళ్లకి పూర్తిగా. హాస్టల్, మెస్ మాత్రం అందరూ కట్టాలి. "ఫీజు లేదు" అని విని ఖాళీ చేతులతో వచ్చిన ఫ్రెండ్ మెస్ అడ్వాన్సు కోసం అదే రోజు అందరికీ ఫోన్లు చేశాడు. తలా కొంచెం వేసుకుని కట్టాం.

లోన్ కావాలంటే 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి చూడండి. ఆ జాబితాలో ఉన్న సంస్థలకి తాకట్టు, పూచీ లేకుండా ఇస్తారు. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే పది లక్షల వరకు లోన్ మీద వడ్డీలో 3 శాతం తగ్గింపు. హాస్టల్ ఖర్చు కూడా ఆ లోన్‌లో పెట్టుకోవచ్చు. మీ కాలేజీ పేరు జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో చూసుకోండి.

తోట_పిల్ల
వెంకట్రామన్నగూడెం హార్టికల్చర్ యూనివర్సిటీ నుంచి. మా బ్యాచ్ అంతా హాస్టల్లోనే ఉంటాం, పొద్దున్నే ఫీల్డ్ క్లాసులు ఉంటాయి కాబట్టి బయట నుంచి రావడం కుదరదు. లంక_అమ్మాయీ, మొదటి రెండు వారాలు ఇల్లు గుర్తొచ్చి అన్నం దిగదు. మూడో వారం నుంచి పక్క మంచం అమ్మాయి తెచ్చిన ఆవకాయ కోసం నువ్వే ముందు పరిగెడతావు. నాకు అలాగే జరిగింది. మీ అమ్మగారు ఏడవకుండా ఒక జాడీ ఎక్కువ పెట్టమను.

కొబ్బరి_నాన్న
ర్యాగింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నా భయం అదే.

దాళ్వా_మాస్టారు
అడగాల్సిన మాటే అడిగారు. మన రాష్ట్రంలో 1997 నుంచి ర్యాగింగ్ మీద చట్టం ఉంది. 2009లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. చేరేటప్పుడు విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ ఆన్‌లైన్‌లో అఫిడవిట్ ఇవ్వాలి. ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ 1800-180-5522, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఈ నంబరు పిల్ల ఫోన్‌లోనూ, మీ ఫోన్‌లోనూ వేసుకోండి. దాంతో పాటు వార్డెన్ నంబరు, పక్క గది పిల్ల వాళ్ల నాన్న నంబరు. నేను ఉద్యోగంలో ఉండగా చూసింది ఏమిటంటే, తల్లిదండ్రులు మొదటి నెలలో రెండుసార్లు వచ్చి కనిపించిన పిల్లల జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు.

కొబ్బరి_నాన్న
ఆ చివరి మాట రాసి పెట్టుకున్నానండి. ధన్యవాదాలు.

కోటిపల్లి_రేవు
బ్రాంచి గురించి ఎవరూ మాట్లాడలేదు గానీ, సివిల్ అని చిన్నబోవద్దు చెల్లీ. మనం పుట్టిన నేలే సివిల్ పని మీద నిలబడింది.

దాళ్వా_మాస్టారు
కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేశాడు. మీ నాన్న కౌలు చేసే రెండెకరాలకి వచ్చే కాలవ నీళ్లు అక్కడి నుంచే. ఆ కాకినాడ కాలేజీ కూడా 1946లో మొదలైంది. ఎనభై ఏళ్ల నాటిదమ్మా. అక్కడ చదివినవాళ్లు ఇరిగేషన్ ఆఫీసుల్లో, రోడ్ల శాఖలో ఎక్కడ చూసినా కనిపిస్తారు.

భీమవరం_బండి
మాస్టారూ, అయినా సాఫ్ట్‌వేర్ అయితే జీతాలు ఎక్కువ కదండీ. ఈ అమ్మాయికి కంప్యూటర్స్ మీద ఇష్టమైతే?

సివిల్_సీనియర్
నా బ్యాచ్‌లో సివిల్ వాళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, గేట్ పరీక్ష రాసి పీఎస్‌యూకి (ప్రభుత్వ రంగ సంస్థకి) వెళ్లినవాళ్లూ ఉన్నారు. క్యాంపస్‌కి కంపెనీలు వచ్చేది కాలేజీని చూసి. ఇష్టం సంగతి ఆ అమ్మాయే చెప్పాలి.

లంక_అమ్మాయి
కంప్యూటర్స్ కావాలని నేను ఎప్పుడూ అనలేదు, అందరూ అంటున్నారంతే. వరదొచ్చినప్పుడల్లా మా ఊళ్లో కాజ్‌వే మునుగుతుంది. దాన్ని ఎత్తు పెంచి ఎందుకు కట్టరని చిన్నప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. మావయ్యకి ఫోన్ చేశాను. మాస్టారు గారు చెప్పినట్టే అది మేనేజ్‌మెంట్ సీటు.

రేపు అమ్మా, నాన్నా, నేను కాకినాడ వెళ్తున్నాం. అక్కడ ఏం అడగాలో ఇంకేమైనా ఉంటే చెప్పండి.

అమలాపురం_అమ్మ
లోపలికి మీ అమ్మని తీసుకెళ్లు, ఆడపిల్లల హాస్టల్లోకి నాన్నని రానివ్వరు. బాత్రూములు ఎన్ని, ఎంతమందికి, పొద్దున ఆరింటికి నీళ్లు వస్తాయా, కరెంటు పోతే ఏమిటి, జ్వరం వస్తే రాత్రి పూట ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఇవి వార్డెన్‌ని అడుగు. తర్వాత మెట్ల దగ్గర కూర్చున్న అమ్మాయిలని మళ్లీ అవే అడుగు.

లంక_అమ్మాయి
వెళ్లి వచ్చాం. పంటు దాటే వెళ్లాం. నాన్న దారి పొడవునా గడియారం చూసుకుంటూనే ఉన్నారు. కాలేజీ గేటు దగ్గర దిగేసరికి ఎండ ఎక్కిపోయింది. "రోజూ ఇంత దూరమా" అని ఆయనే అన్నారు, నేనేమీ అనలేదు.

అమ్మా నేనూ హాస్టల్ లోపలికి వెళ్లాం. గదికి నలుగురు. గది చిన్నదే, గాలి బాగానే వస్తోంది. ఆంటీ చెప్పినట్టు మెట్ల దగ్గర అమ్మాయిలని అడిగాం. వాళ్లలో ఒక అక్కది రాజోలు. పొద్దున నీళ్లకి క్యూ ఉంటుందని, కూర రోజూ బాగోదని, ఆదివారం చికెన్ బాగుంటుందని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తనకి రెండో సెమిస్టర్‌లో జ్వరం వస్తే రూమ్మేట్లు, వార్డెన్ మేడమ్ కలిసి రాత్రి ఆటోలో తీసుకెళ్లారట. అమ్మ ఆ అక్క ఫోన్ నంబరు తీసుకుంది, వాళ్ల అమ్మతో కూడా మాట్లాడింది.

నాన్న బయట చెట్టు కింద వాచ్‌మన్‌తో గంటన్నర మాట్లాడారు. గేటు ఎన్నింటికి వేస్తారు, ఎవరెవరు వస్తారు, అన్నీ. తిరిగి వస్తూ కాజాలు కొన్నారు. పంటు మీద "మొదటి ఏడు హాస్టల్, తర్వాత సంగతి తర్వాత" అన్నారు.

ఈ రోజు రిపోర్ట్ చేసేశాను. సివిల్.

తోట_పిల్ల
ఆయ్! ఇక ఆవకాయ జాడీ సిద్ధం చేయించు.

కోటిపల్లి_రేవు
సంతోషం చెల్లెమ్మా. వరద టైంలో ఇంటికి బయలుదేరే ముందు పంటు నడుస్తోందో లేదో ఇంటికి ఫోన్ చేసి కనుక్కో. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఎత్తారంటే ఆ వారం హాస్టల్లోనే ఉండిపో.

కొబ్బరి_నాన్న
అమ్మా, వచ్చే ఏడాది మా అమ్మాయికి కౌన్సెలింగ్. అప్పుడు నీ లెక్కల పుస్తకం అడుగుతాను, మొదటి నెల నుంచే రాయడం మొదలుపెట్టు.

లంక_అమ్మాయి
తప్పకుండా అంకుల్. పరుపు కాకినాడలో కొనాలా, అమలాపురంలో కొని బస్సులో వెయ్యాలా?

అమలాపురం_అమ్మ
అక్కడే కొను. బస్సులో పరుపు, బకెట్, జాడీ, మీ అమ్మ. ఇంతమందికి చోటుండదు.

సివిల్_సీనియర్
డ్రాఫ్టర్ కొనకు. నాది ఇంకా బాగానే ఉంది, స్క్రూ ఒకటి బిగించాలి. మా చెల్లి ఆ హాస్టల్లోనే సెకండియర్, దాని చేతికిచ్చి పంపిస్తాను.